‘ఏబుల్’ మనిషి లోకనాథం

సభాధ్యక్షులూ మన పడవల సంఘం కార్యదర్శీ అయిన గణేశ్వరరావు గారికి, ఫెర్రీలో చోటు దొరక్క హోప్ టౌన్ నుంచి నిలబడే వచ్చిన పెద్దలకు, చర్చిలోనూ ఆఫీసులోనూ నన్ను భరించిన మిత్రులకు నమస్కారం.

ఇవాళ రిటైరవుతున్న నన్ను అధ్యక్షులవారు ఇందాక ‘ఏబుల్ ఆపరేటర్’ అన్నారు. జ్ఞాపిక మీద కూడా అదే చెక్కించారు. రేడియో గదిలో కూర్చుని నిఘంటువులు చదువుకుంటూ ముసలివాడైన మనిషికి అలాంటి మాట ఇస్తే, వాడు ఊరికే పుచ్చుకోడు సార్. (నవ్వులు) సమర్థుడు అనే అర్థంలో మనం వాడే ఆ మాటకు మూలం లాటిన్‌లో ‘హబిలిస్’. దాని వెనక ‘హబేరే’, అంటే పట్టుకుని ఉండటం. చేతిలో సులువుగా అమరేదాన్ని, ఎటు కావాలంటే అటు తిప్పుకోగలిగినదాన్ని అలా అనేవారు. ఫ్రెంచి మీదుగా వచ్చేసరికి మొదటి హల్లు రాలిపోయింది, పోనుపోను అది చేతనైన మనిషికి బిరుదైంది. పాత లెక్కన చూస్తే నేను మీకు ఏబులే. మీరు తిప్పినట్టల్లా తిరిగాను. నవ్వకండి ప్రవీణ్ కుమార్ గారూ, మీ జ్ఞాపిక కూడా తయారవుతూనే ఉంటుంది. (నవ్వులు)

ఆ మాట విని నేను మాత్రం నవ్వలేను. కారణం లోకనాథం. నాలుగేళ్ల కిందట చేపల వేటకెళ్లిన అతని డింగీ పడవ గాలివానలో తిరిగి రాలేదు. వెతకడానికి బోటు పంపండని నేను బతిమాలితే, గణేశ్వరరావు గారు టీ గ్లాసు కింద పెట్టకుండానే, “అరే ప్రేమయ్యా, వాడు ఏబుల్ మనిషి. ఆప్‌సే ఆప్, వాడే వచ్చేస్తాడు. ఖాళీపీలీ డీజిల్ తగలెయ్యకు” అన్నారు. బోటు మర్నాడు వెళ్లింది. అప్పటికి సముద్రం అద్దంలా ఉంది. ఒక్క చెక్క ముక్క కూడా దొరకలేదు. లోకనాథం ఏ చేతిలో అమరాడో ఎవరికి తెలుసు?

సాయంత్రం రేడియో సెట్ కట్టేసే ముందు ఒక్కొక్క పడవవాణ్నీ పేరు పెట్టి పిలవడం మన పద్ధతి. వల లాగుతున్నవాడు మాట్లాడలేడు గనక బటన్ రెండుసార్లు నొక్కుతాడు. టక్, టక్. ఉన్నానని. లోకనాథం ఆ రెండిటి మధ్యా అందరికంటే ఎక్కువసేపు ఆగేవాడు. అతను పోయిన వారానికి అలవాటు కొద్దీ అతని పేరు కూడా పిలిచేశాను.

టక్. అదే ఆగడం. టక్.

గణేశ్వరరావు గారు ఎక్కడో మెరుపు మెరిసి ఆ చప్పుడొచ్చి ఉంటుందన్నారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. సెట్ మార్పించారు, కొత్తదాంట్లోనూ వచ్చింది. అప్పటినుంచి నేను సెట్ ముందు కూర్చున్న ఏ రోజూ పిలవకుండా లేను. రేపు నా కుర్చీలో కొత్త ఆపరేటర్ అబిగేలు కూర్చుంటుంది. ఆ పేరు ఇక పిలవొద్దని ఆమెకు ఇప్పుడే చెప్పి ఉంచారు. ఈ శాలువా నాకొద్దు. అమ్మాయ్, ఆ పిలుపు ఆపకు. నేను అడిగేది అంతే.

ఏమంటున్నావు అబిగేలూ? మైకు ఇవ్వండి, వెనక వాళ్లకూ వినపడాలి.

“మొన్న మీరు పన్ను చూపించుకోడానికి వెళ్లినప్పుడు నేనూ విన్నాను సార్. కానీ నేను పిలవలేదు. అదే ముందు వచ్చింది.”



విన్నారా గణేశ్వరరావు గారూ? మొన్న ఆకాశంలో మబ్బు తునక లేదు. తల వంచుకుంటే ఎలా? మీరు కాదంటారో అవునంటారో ఈ సభకు చెప్పండి.

ఉండండి, లోకనాథం భార్య చిన్నమ్మి లేచింది. చెప్పమ్మా.

“భయ్యా, పిలిచే టైమైపోనాది. అందరూ ఈడే కూకున్నారు. ఆ గదిలో ఎవులూ లేరు గదా. ఇప్పుడాయన నొక్కితే జవాబెవులిత్తారు?”



నిజమే. గదికి తాళం వేసి వచ్చాను, తాళంచెవి నా జేబులోనే ఉంది. దండలకూ భోజనాలకూ మీ అందరికీ కృతజ్ఞతలు. మిగిలిన పొగడ్తలు ఈ ఖాళీ కుర్చీకి చెప్పుకోండి. అబిగేలూ, పదమ్మా, త్వరగా. చిన్నమ్మీ, నువ్వు కూడా రా.

సెలవు.