తుమ్మితే ఊడే సంబంధం

రెల్లు పెరిగిన చెరువు ఎదురుగా, పిట్టల్ని చూడ్డానికి గోడకి కంత పెట్టి కట్టిన చిన్న చెక్కగది. లోపల బల్లమీద ముగ్గురు: లైబ్రరీలో పనిచేసి రిటైరైన తండ్రి, పియానోలు శ్రుతి చేసే కూతురు, ఆమెను పెళ్ళి చేసుకుంటానంటున్న వడ్రంగి.

“హా... హా... హాఛ్ఛ్!”

“అయిపోయింది. ఎగిరిపోయుంటుంది.”

“సారీ మావయ్యగారూ.”

“ఇంకా మావయ్యని కాలేదు. ఆ మాట జేబులో పెట్టుకుని, చేతిరుమాలు బయటికి తియ్యి.”

“కావాలని తుమ్మాడా నాన్నా?”

“కావాలని తుమ్మితే ఒకలా, ఆగక తుమ్మితే ఒకలా వింటుందా పిట్ట? ఎర్రతోక రెల్లుపిట్టమ్మా! రిటైరైన దగ్గర్నుంచీ ఏటా ఈ కంతలోంచి చూస్తూ కూర్చుంటున్నాను. ఎక్కడో దూరంగా కూత వినడమేగాని ఈకైనా కంటపడలేదు. ఇవాళ మొదటిసారి దగ్గర్లో కూసింది. అంతలో ఈ పెళ్ళికొడుకు...”

“ఇంకా పెళ్ళికొడుకుని కాలేదుగా సార్.”

“తుమ్ము ఆగదుగాని నోరు మాత్రం బాగానే ఆడుతుంది.”

“ష్! నాన్నా, విను.”

“ఛిఛ్ఛ్!”

“అదిగో! తిట్టుకుంటూ పోతోంది. కుర్చీ జరిగిన చప్పుడైనా సహించేవాణ్ణి కాదు నేను, లైబ్రరీలో. ఆ మనిషికి ఈ గతి! ‘ముక్కుసూటి మనిషి నాన్నా’ అని ఆర్నెల్లుగా చెప్తున్నావు. ఆ ముక్కు ఇలాంటిదని నిన్న చెప్పావు.”

“రంపప్పొట్టులో పొద్దస్తమానం పనిచేస్తాను సార్, ఒక్క తుమ్ము రాదు. ఈ గడ్డి పూసే రోజుల్లోనే...”

“మరి గడ్డి పూసే రోజుల్లో సంబంధం మాట్లాడ్డానికి రావడమెందుకు?”

“మీరే రమ్మన్నారు. ‘మాటలెందుకు, నా పక్కన ఒక పూట నోరు మూసుకుని కూర్చో, మనిషేంటో తెలుస్తుంది’ అన్నారు.”

“అన్నాను. ఇప్పుడు ఇంకోటి కూడా అంటాను. ఆ పిట్ట కంటపడేదాకా నువ్వు తుమ్మకూడదు. కంటపడిందా, నా నోటితో నేనే అల్లుడూ అని పిలుస్తాను. లేదా... తుమ్మితే ఊడే ముక్కు ఎన్నాళ్ళుంటుందయ్యా? ఈ సంబంధమూ అంతే.”

“తుమ్ముకీ పెళ్ళికీ ముడిపెడతావా నాన్నా?”

“పెట్టాను.”

“నేను మాత్రం ఇతన్నే చేసుకుంటాను. నువ్వు ఒప్పుకుంటే నవ్వుతూ చేసుకుంటాను. ఒప్పుకోకపోతే ఏడుస్తూ చేసుకుంటాను.”

“నువ్వు ఏడవొద్దు. సార్, పోనీ మాత్ర వేసుకోనా?”

“మాత్రలొద్దు. మాత్రకి నిద్ర, నిద్రకి గురక! అన్నీ సహజంగానే తగ్గిద్దాం. పుస్తకాలు చదివే వచ్చాను. ఆ సంచీ ఇటివ్వమ్మా. ఇవి కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళు. తల పక్కకి వంచు. పై ముక్కులో పోస్తే కింది ముక్కులోంచి కారాలి. పుప్పొడంతా కొట్టుకుపోతుంది.”

“పొయ్యండి సార్. గ్గ్... గ్గ్లు...”

“కారలేదేం?”

“మింగేశాను సార్.”

“మింగమన్నానా?”

“సంబంధం కోసం వచ్చాక ఏదైనా మింగాలి కదా సార్.”

“సరే, ఆవిరి. ఫ్లాస్కు మూత తీశాను, తువ్వాలు కప్పుకో. మరీ వంగకు, కాల్తే కొత్త ముక్కు నేను తేలేను.”

“లోపల చీకటిగా ఉంది సార్.”

“ఆవిరి పట్టడానికి దీపం పెడతారా ఎవరైనా? పీల్చు.”

“హా... హా...”

“వద్దు! వద్దు! పై పెదవి నొక్కు!”

“నేను నొక్కుతాను నాన్నా.”

“నువ్వు తప్పుకో, నేను నొక్కుతాను!”

“హాఛ్ఛ్!”

“అబ్బా, నా చెయ్యి!”

“ఛిఛ్ఛ్!”

“మళ్ళీ తిట్టింది. తిట్టదూ మరి?”

“నాన్నా, ఆ కూత...”

“తర్వాత. నువ్వు తేనె నాకవయ్యా.”

“తేనెకి తుమ్ము తగ్గుతుందా సార్?”

“తగ్గుతుందని ఒక పుస్తకం, తగ్గదని ఇంకోటి. రెండిట్నీ అరలో నేనే పక్కపక్కన పెట్టాను. నాకి చూడు.”

“ఆ... హాఛ్ఛ్!”

“తగ్గదు. రెండో పుస్తకమే నిజం.”

“ఛిఛ్ఛ్!”

“నాన్నా, ఒక్క మాట వింటావా? అది...”

“తర్వాతన్నానా!”

“నీకెప్పుడూ కోపం ముక్కుమీదే.”

“ఇతనికి తుమ్ముంది కదా. ఎవరి ముక్కు వాళ్ళది. ఇదిగోనయ్యా, ముక్కు చుట్టూ నూనె రాసుకో. పుప్పొడి దానికే అంటుకుని లోపలికి పోదు. కళ్ళమీద చన్నీళ్ళ గుడ్డ. ముక్కుకి తడిరుమాలు. నెత్తిన టోపీ.”

“సార్, నాకేం కనపడట్లేదు.”

“నువ్వు చూడక్కర్లేదు. నేను చూస్తాను.”

“పోస్టులో పంపే పార్సిల్లా ఉన్నాడు నాన్నా.”

“పార్సిళ్ళు తుమ్మవు.”

“ఊఫ్... ఊఫ్...”

“ఏమయ్యా?”

“సార్.”

“తుమ్ము?”

“రావట్లేదు సార్! నిజంగా రావట్లేదు! గాలి హాయిగా ఆడుతోంది.”

“చూశావా అమ్మా! చదివిన చదువు ఊరికే పోదు. ఇంక పిట్ట రావడమే తరువాయి.”

“రాదు నాన్నా.”

“ఎందుకు రాదూ?”

“ఇందాకట్నుంచీ అదే చెప్పబోతుంటే తర్వాత, తర్వాత అన్నావు. అది తిట్టట్లేదు. ఇతను తుమ్మినప్పుడే కూస్తోంది. మనం ఇక్కడ కూర్చున్నాక మొదటి కూత అవతలి గట్టునుంచి. రెండోది రెల్లు మధ్యలోంచి. తేనె నాకినప్పటిది ఇదిగో, ఈ మెట్ల పక్కనుంచి. ఈ తుమ్మూ ఆ కూతా ఒకే శ్రుతి నాన్నా. నా చెవి సంగతి నీకు తెలుసుగా.”

“అంటే...”

“పారిపోవట్లేదు. బదులు పలుకుతూ దగ్గరికొస్తోంది.”

“మరి పొద్దున్న దగ్గర్లో కూసిందే?”

“ఇతను కారు దిగుతూ తుమ్మాడు.”

“...అదిగో! రెల్లు కదిలింది! తోక... ఎర్రగా... తోక చివర కనపడుతోందమ్మా! అయ్యో, అయ్యో, వెనక్కి తిరుగుతోంది!”

“పిలిచేవాళ్ళు లేకపోతే ఎందుకుంటుంది?”

“టోపీ తియ్యి! రుమాలు లాగు! ఆ నూనె తుడిచెయ్యి!”

“ఏమైంది సార్? నేను తుమ్మలేదు! ఒట్టు, నేను తుమ్మలేదు!”

“నాన్నా, కంతలోంచి చెయ్యిపెట్టి ఏం పీకుతున్నావు?”

“గడ్డిపూలు! ఇవిగో, అల్లుడుగారూ, మీకు పుణ్యముంటుంది, వీటిని గట్టిగా పీల్చి ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తుమ్మండి బాబూ!”