దించుకోటానికో చోటు

“అమ్మమ్మా, కింద ఆ రేకుల షెడ్డుకి తలుపుల్లేవేంది? ఫంక్షన్లకి కట్టిందా?”

ఫంక్షన్లకా? ఆ, ఫంక్షన్లూ జరుగుతయ్యిలే. మొన్న పక్క బ్లాకు పిల్లకి ఓణీల ఫంక్షన్ చేసింది దాంట్లోనే. కానీ మేం అడిగింది దానిక్కాదు. మనిషి పోతే దించుకోటానికి అడిగాం. అట్టా చూడమాక, ఉన్నమాటే చెబుతున్నా. నా గొంతు ఎక్కుతుందా నీ ఫోన్‌లో? ఎక్కితే సరే.

నీకు తెలవదు గానీ, మీ తాతా నేనూ నరసరావుపేటలో బతుకంతా అద్దె కొంపల్లోనే ఈడ్చాం. మీ అమ్మ పుట్టింది అద్దింట్లోనే, పెళ్లి చేసి పంపింది అద్దింట్లోనించే. ఆయన పత్తి మిల్లులో బస్తాలు మోసేవాడు, నేనూ ఆడికే పోయేదాన్ని. అప్పట్లో ఆడకూలి ఎంతనుకున్నావ్... సరే, అదెందుకులే ఇప్పుడు. మా అత్త సంగతి గదా చెప్పబోతున్నా.

మా అత్త, అంటే మీ తాత వాళ్లమ్మ, గుంటూరు పెద్దాసుపత్రిలో పోయింది. వ్యానులో తీసుకొచ్చాం. ఇంటామె గేటు కాడ అడ్డం నిలబడుంది. మనిషి చెడ్డదేం కాదు, మా పిల్లలకి జొరమొస్తే జావ కాసిచ్చిన మనిషే. “ఏమనుకోమాకే, మా పిల్లకి సంబంధం కుదిరింది, శవాన్ని లోపలికి తేవద్దు” అంది. అద్దింట్లో ఎవరూ తేనియ్యరు గదా. ఇప్పటికీ అంతే. ఇంకేం చేస్తాం, రోడ్డు పక్కన మంచమేసి పడుకోబెట్టాం. నడి వేసవి. షామియానా అతను వచ్చేదాకా నేనూ మీ అమ్మా దుప్పటి చెరో కొసా పట్టుకుని నీడ చేశాం. లారీలు పోతంటే దుమ్మంతా ఆమె మొహం మీదే. నాకు ఏడుపు రాలేదమ్మా, సిగ్గేసింది. అంత బతుకు బతికిన మనిషికి ఆఖరి పూట కాసింత నీడ లేకపాయె.

తర్వాత ఎన్నాళ్లకో ఈ గవర్నమెంటు ఇల్లొచ్చింది. సొంత ఇల్లే, కాదనను. కానీ మూడో అంతస్తు. మెట్లు చూశావుగా, మలుపు కాడ మంచం తిరగదు. పైన ఎవరన్నా పోతే నిలువునా పట్టుకుని దించాల. దించి యాడ పెట్టాల? బండ్లు పెట్టుకునే కాడ.

అట్టా ఉండగా ఒకరోజు గవర్నమెంటు ఇంజనీరమ్మ వచ్చి మీటింగు పెట్టింది. పోయినేడు... కాదు కాదు, అంతకు ముందేడు, మీ తమ్ముడి పదో తరగతి పరీక్షలప్పుడు. “ఈ ఖాళీ జాగాలో ఏదన్నా కడతాం, ఏం కావాలో ఇక్కడ ఉండేవాళ్లే చెప్పండి” అంది. ఆ మాట నాకు నచ్చింది. మెట్లు అంత ఇరుగ్గా కట్టేటప్పుడు ఎవరన్నా అడిగారా మమ్మల్ని? ఆ పిల్ల ఫోన్‌లో బొమ్మలు చూపించింది, కసరత్తు చేసే మిషన్లంట. పొద్దస్తమానం బస్తాలు మోసొచ్చినోళ్లకి మళ్లీ కసరత్తు ఏందమ్మా అన్నా. అందరూ నవ్వారు, ఆ పిల్ల కూడా.

మన అసోసియేషన్ ప్రెసిడెంటు కోటయ్యన్న లేచి ఫంక్షన్ హాలు కావాలన్నాడు. అనూరుకోకుండా, “ఇల్లు శాంక్షనైనోళ్లే మాట్టాడండి, అద్దెకున్నోళ్లు పక్కకి నిలబడండి” అన్నాడు. నా పక్కన సైదాబీ కూర్చోనుంది. మన ఎదురింట్లో అద్దెకుంటది, వాళ్లాయన మస్తాన్ మోటార్లు బాగు చేస్తాడు. ఆ మాటకి ఆమె లేవబోయింది. కొంగు పట్టి గుంజా. కూర్చో వదినా, ఉండేవాళ్లని గదా పిలిచింది, నువ్వు ఈడ ఉండట్లా? అన్నా.

అని, నేనే లేచా. మాకు చచ్చినోళ్లని దించుకోటానికి చోటు కావాల అన్నా. ఒక్కసారి గోల. శుభమా అని మీటింగు పెడితే ఈ మాటలేందని కోటయ్యన్న కసిరాడు. నాకు ఒళ్లు మండింది. మా అత్త సంగతి చెప్పి, అద్దింట్లో ఉన్నప్పుడు మీలో ఎవరెవరు మనిషిని రోడ్డు మీద పడుకోబెట్టారో చేతులెత్తండయ్యా అన్నా. ముందు ఆడోళ్లు ఎత్తారు. తర్వాత ఒక్కొక్కరే మగోళ్లు. ఆఖరికి కోటయ్యన్న కూడా “మా నాయన్ని” అని చెయ్యెత్తాడు.

సైదాబీ అప్పుడు మాట్టాడింది. మా వాళ్లల్లో మనిషి పోతే చాటుగా స్నానం చేయించాల, ఒక పంపూ, అడ్డంగా చిన్న గోడా ఉంటే చాలంది. అందుకే ఆ మూల గోడ. తలుపులొద్దన్నది నేను. తలుపుంటే తాళం ఉంటది, తాళం ఉంటే ఎవరో ఒకరి కాడ ఉంటది. ఇంజనీరమ్మ తల గోక్కుని, “దీన్ని కాగితం మీద ఏమని రాయాలమ్మా?” అంది. హాలని రాసుకోమ్మా, మాకు తెలుసులే అన్నాం.

మొన్న ఎండాకాలం మస్తాన్ పోయాడు పాపం. గుండెనొప్పి. ఆసుపత్రి నించి తెస్తంటే ఇంటి ఓనరు సైదాబీకి ఫోన్ చేశాడు, ఇంట్లోకి తేవద్దని. ఆమె ఫోన్ నా చేతికిచ్చింది. నీ ఇల్లెవరికి కావాలయ్యా, మా షెడ్డులోకి తెస్తన్నాం అని పెట్టేశా.

కోటయ్యన్నే ఎదురుపోయి దించాడు. వాళ్ల పెద్దలొచ్చి ఆ గోడ చాటున స్నానం చేయించారు. కొడుకు సాయంత్రానికి గానీ రాలేదు. అప్పటిదాకా సైదాబీ ఆయన పక్కనే కూర్చోనుంది, ఫ్యాను కింద, నీడన. ఏడవాలనుకున్నంతసేపు ఏడ్చింది. ఎవరూ ఆమెని లెమ్మన్లా.

ఇంక ఆపు ఆ ఫోన్, అన్నం తిందువుగాని. నువ్వూ హాస్టలనీ రూమనీ తిరుగుతుండావు గదా... యాడున్నా లేచి పొమ్మనేవోడు లేకుండా బతుకు తల్లీ. సల్లంగుండు.