మనీతాకి మూడు పేజీలు

“నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం. నేను అతోలే ఒక్క గుక్క మింగేలోపు ఉత్తరం తయారు!” అన్నాడు దోన్ తియోదులో, జొన్నగంజి లాంటి ఆ అతోలే ఉన్న మట్టి కప్పుని అందరికీ కనబడేలా పైకెత్తి.

మెక్సికో నగరంలో సాంతో దొమింగో చౌకు పక్కన, ఆర్చీల కింద, జనానికి ఉత్తరాలూ అర్జీలూ రాసిపెట్టేవాళ్లు వరసగా బల్లలేసుకుని కూర్చుంటారు. అక్కడ ముప్ఫై ఏళ్లుగా ఆయన టైపు కొడుతున్నాడు. కొట్టడం కన్నా కోయడమే ఎక్కువని పక్క బల్లలవాళ్లు అంటారు. ఆర్నెల్ల కిందట మేనల్లుడు ఏఐ ఉన్న పలక, అదే టాబ్లెట్, ఒకటి తెచ్చిచ్చాడు. అప్పట్నించి టైపు మిషన్‌కి ముసుగేసి, దాని నెత్తిన పలకని నిలబెట్టాడు. చేతులకి పని తగ్గిందో లేదో గానీ నోటికి మాత్రం పెరిగింది.

ఎదురుగా పీట మీద దోన్యా నతివిదాద్ కూర్చుని ఉంది. ఒళ్లో సంచి, సంచిలో చెల్లెలు క్లియోఫాస్ దగ్గర్నించి వచ్చిన జాబు. వచ్చి మూడు రోజులైనా విప్పలేదు. ఆమెకి చదువు రాదు, ఇరుగుపొరుగు చేత చదివించుకోవడానికి మనసొప్పలేదు. తల్లి పోయిన వారానికే ఆవిడ రుబ్బురాయి ఎవరికన్న పేచీ వచ్చి అక్కచెల్లెళ్లకి మాటలు పోయాయి. పదకొండేళ్లయింది. పోయిన నెల పెద్దదే తెగించి వచ్చి, ఇదే పీట మీద కూర్చుని చెప్పింది: “మనీతా, పదకొండేళ్లుగా నొప్పిగానే ఉంది. ఇక నావల్ల కాదు.” అంతే. మనీతా అంటే వాళ్ల మాటల్లో చెల్లెమ్మా అని. చిట్టి చెయ్యి అన్నా అదే మాట, కానీ చెల్లెల్ని పిలిచేటప్పుడు చెయ్యి ఎవరికి గుర్తొస్తుంది? ఆ రెండు ముక్కల్నీ పలక మూడు పేజీలు చేసింది. ఆ రోజు రద్దీలో దాన్ని ఎవరూ చదివి చూడలేదు, ఆ మందానికే ఆమె మురిసిపోయి పంపించింది. దానికి జవాబే ఇది. చెల్లెలి ఊరికి పక్కింటావిడ నాలుగింటి బస్సుకి వెళ్తోంది, తిరుగు జాబు ఆవిడ చేతికివ్వాలి. అప్పటికే రెండు దాటింది.

“దోన్ తియోదులో, నా జాబు కాస్త చదివిపెడితే...”

“అక్కడికే వస్తున్నా దోన్యా నతీ, ఒక్క నిమిషం! ఇంతకీ ఎక్కడున్నాం? ఆఁ, కుళాయి. ఒకాయన కుళాయి కారుతోందని అర్జీకి వచ్చాడు. నేను రెండు ముక్కలు చెప్పా, గుక్క మింగా, మూడు పేజీలు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నీళ్ల ఆఫీసులోనూ ఇలాంటి పలకే ఉందట. అది ఐదు పేజీల జవాబిచ్చింది. మనది ఊరుకుంటుందా? తొమ్మిది. వాళ్లది పద్నాలుగు. పొద్దువాలేసరికి ఒక్క కుళాయి మీద నూట తొంభై ఉత్తరాలు నడిచాయి, నేను కాలు కదిపితే ఒట్టు!”

“కుళాయి బాగయిందా?” అనడిగాడు మకారియో. పక్క కొట్లో పెళ్లికార్డులు అచ్చేస్తాడు, వేళ్లకెప్పుడూ సిరా.

“కుళాయిదేముంది, కారుతూనే ఉంది.”

“మరి ఆ నూట తొంభై ఎవరు చదివారు?”

“ఎవరేంటయ్యా, నేనే! తప్పు దొర్లితే పోయేది ఎవరి పరువు?” అనేసి, నాలిక కరుచుకుని అతోలే కప్పులోకి చూశాడు.

“అదీ సంగతి! మూడు కొట్టగానే డొమినో ఆటకొచ్చే మనిషివి, ఇప్పుడు ఆరైనా కనబడవు. కళ్లద్దాలు కూడా రెండుసార్లు మార్చావు.”

“అవి అందానికి పెట్టుకున్నా,” అన్నాడు దోన్ తియోదులో ఏమాత్రం తొణక్కుండా. “ప్రేమలేఖ సంగతి వినండి ముందు. రొట్టెల కొట్టు కుర్రవాడొకడు వచ్చాడు. ఎలాంటి ఉత్తరం రాసిందనుకున్నారు! ఆ పిల్ల ఒప్పుకుంది, పిల్ల తల్లి ఒప్పుకుంది, ఎనభై ఏళ్ల అమ్మమ్మ కూడా ఒప్పుకుని జడేసుకుని కూర్చుంది. పిల్ల కూడా పలక చేతే జవాబు రాయించింది. అంతే, రెండు పలకలూ ఒకదాన్నొకటి ప్రేమించేసుకున్నాయి. మధ్యాహ్నం కునుకు తీద్దామని తలకింద పెట్టుకుంటే నాది వెచ్చగా, జ్వరం వచ్చినట్టు ఉండేది. నిట్టూర్చేది కూడా.”

“మరి కుర్రవాడూ పిల్లా?”

“వాళ్లు ఇంకా కలుసుకోలేదు. తీరికేదీ? రోజుకి నలభై పేజీలు వస్తుంటే చదువుకోవద్దూ?”

గాలి వీచింది. జకరాండా చెట్ల నుంచి ఊదాపూలు రాలి బల్లల మీదా, ముసుగేసిన మిషన్ మీదా, దోన్యా నతివిదాద్ సంచి మీదా పడ్డాయి. దోన్ తియోదులో గొంతు తగ్గించాడు. కోత ముదిరే ముందు ఎప్పుడూ అలాగే తగ్గిస్తాడు.

“ఇవి పూలనుకుంటున్నారు మీరు. కాదు. మొన్న గురువారం కాగితం అయిపోయింది, పలక ఆగదే! మాటలు వాటంతటవే బయటికొచ్చి, ఎక్కడ వాలాలో తెలీక ఆ కొమ్మల మీద వాలాయి. చౌకంతా ఊదారంగు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా కాళ్లకి చల్లగా తగిలింది. చూస్తే నీళ్లు! ఈ ఊరు సరస్సుని పూడ్చి కట్టిందే కదా, ఆ సరస్సు లేచొచ్చింది. అలా మెల్లగా, అలికిడి లేకుండా వచ్చి, ఇదిగో, దోన్యా నతీ కూర్చున్న పీట మీదే కూర్చుని, ‘అయ్యా, నా చోటు నాకిప్పించమని అర్జీ రాసిపెట్టండి’ అంది.”

మకారియో సిరా వేళ్లు తుడుచుకోవడం మర్చిపోయాడు. దోన్యా నతివిదాద్ కళ్లు మూసుకుంది. ఆ నీళ్ల మీద పడవ కనబడింది ఆమెకి. ఒక కొసన తను, ఇంకో కొసన పదేళ్ల క్లియోఫాస్, మధ్యలో అమ్మ రుబ్బురాయి. అంత బరువున్నా పడవ మునగడం లేదు. అలాగే ఉండిపోతే బాగుండుననిపించింది.

“రాసిచ్చావా?” అన్నాడు మకారియో, తనూ మెల్లగానే.

“గుక్కలో! పన్నెండు వందల పేజీలు! పడవలొచ్చేశాయి, చేపలు మెట్లెక్కేశాయి, గుడి గంట నీళ్లలోంచి మోగుతోంది. ఊరు మునుగుతుందేమోనని నాకే జాలేసి, ‘అమ్మా, అసలు కాపీతో పాటు రెండు నకళ్లూ, గుర్తింపు కార్డు జిరాక్సూ ఏవీ?’ అన్నా. పాపం, దానికి కార్డెక్కడిది? తలొంచుకుని వెళ్లిపోయింది. అలా ఈ నగరాన్ని కాపాడిందెవరు? నేనూ, నా పలకా! పన్నెండు వందల పేజీల్లో ఒక్క తప్పు, ఒక్క మాట అటూ ఇటూ అయితే అడగండి!”

చౌకులో గడియారం మూడు కొట్టింది. దోన్యా నతివిదాద్ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. ఇక అడగలేదు, కవరు చించి కాగితాన్ని ఆయన ముక్కు కింద పెట్టింది.

“చదవండి. గట్టిగానే చదవండి, ఫరవాలేదు. తిట్లైనా సరే.”

దోన్ తియోదులో దర్జాగా గొంతు సవరించుకుని మొదలెట్టాడు.

“‘ఇది రాసినవారెవరో వారికి. నా చేతికేమీ కాలేదు. పదకొండేళ్లుగా చెయ్యి నొప్పి అని మీకెవరు చెప్పారు? మూడు పేజీలూ మా ఆయన చేత రెండుసార్లు చదివించాను. పొద్దున్నే గుప్పిట పదిసార్లు మూసి తెరవమన్నారు, వేడినీళ్ల కాపడం పెట్టమన్నారు, నొప్పి తగ్గకపోతే...’”

అక్కడ ఆయన చదవడం ఆపేశాడు. మనీతా అన్న మాట ఆ పలక ఎలా చదువుకుందో ఇప్పుడు అర్థమైంది. మకారియో పగలబడి నవ్వాడు, కానీ దోన్యా నతివిదాద్ మొహం చూసి వెంటనే మానేశాడు.

“ఆపకండి,” అందామె.

“‘...కింద మా అక్క పేరుంది. కానీ ఇది మా అక్క మాట కాదు. రెండు ముక్కలు మాట్లాడితే మూడోది మింగేసే మనిషి మా అక్క. ఆవిడ బతికుంటే, ఆవిడ నోటిమాట ఒక్కటి పంపించండి. అది చాలు. గుప్పిట మాత్రం రోజూ మూసి తెరుస్తున్నాను. ఒకవేళ నిజంగా ఆవిడే చెప్పిందేమోనని.’”

దోన్ తియోదులో కాగితం మడిచి ఇచ్చాడు. పలకని తీసి బల్ల కింద పెట్టాడు. టైపు మిషన్ ముసుగు మీద పడిన ఊదాపూలని ఊది, ముసుగు లాగి, కాగితం ఎక్కించాడు.

“చెప్పండమ్మా. మీరెలా చెప్తే అలాగే.”

“మనీతా, నేనే,” అంది దోన్యా నతివిదాద్.

టకటకా నాలుగు చప్పుళ్లు, మధ్యలో చిన్న ఎడం, మళ్లీ కొన్ని. అయిపోయింది.

“నీ అతోలే గుక్క ఇంకా గొంతు దిగినట్టు లేదే!” అన్నాడు మకారియో.

సంతకం దగ్గర ఆగారు. ఎప్పుడూ వేలిముద్రే వేస్తుంది. ఈసారి ఆమె కాగితం బల్ల మీద పరిచి, నొక్కులు తీసి, దాని మీద తన చెయ్యి మొత్తం ఆనించింది.

“చుట్టూ గీయండి. చెయ్యి గురించే కదా రాసింది, ఇదిగో నాది, చూసుకోమనండి.”

ఆయన పెన్సిలు తీసుకుని వేలు వేలుకీ చుట్టూ గీశాడు. ఉత్తరం కన్నా అందుకే ఎక్కువసేపు పట్టింది. పక్కన కప్పులో అతోలే చల్లారిపోయింది.