మాస్టారి కంట్లో అద్దం

(తిరుత్తణిలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు శ్రీ దేవరాజులు 1986లో తమ పదవీ విరమణ సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షస్థానంలో కూర్చుని నా గురించి నాకే తెలియని మంచి సంగతులు చెప్పిన ప్రధానోపాధ్యాయులు శ్రీ దండపాణిగారికి, తిరువళ్లూరు నుంచి పని మానుకుని రైలెక్కి వచ్చిన శ్రీ ఆరోగ్యస్వామిగారికి, మగ్గాలు ఆపి వచ్చిన మా నేతవీధి పెద్దలకు, అక్కలకు, నా తోటి ఉపాధ్యాయులకు, ఈయన ఎప్పుడు ముగిస్తాడా, మిక్చరు పొట్లం ఎప్పుడిస్తారా అని చూస్తున్న విద్యార్థులకు నా నమస్కారాలు. పొట్లాలు వచ్చాయి. స్టాఫ్‌రూములో ఉన్నాయి. నేను ముగించేదాకా ఇవ్వరట. అందువల్ల సభ క్రమశిక్షణ గురించి నాకు దిగులు లేదు. (నవ్వులు)

నా పోస్టులోకి త్వరలోనే ఇంకొక తెలుగు పండితుణ్ణి వేస్తారని దండపాణిగారు చెప్పారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు, ఆశ ఎక్కువ, అంతే. దేవరాజులుగారు పుస్తకం ముట్టుకోకుండా పద్యాలు చెప్పే మహా పండితుడు అని కూడా అన్నారు. మీరు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నేను ఉంచుకుంటాను గాని, కారణం మాత్రం సరిదిద్దాలి. పుస్తకం ముట్టుకోకపోవడానికి కారణం పాండిత్యం కాదు. ముట్టుకున్నా అందులో ఏముందో నాకు కనిపించేది కాదు.

ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకే అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కడం మొదలుపెట్టాయి. ఒక్కొక్క అక్షరానికి మూడు తలకట్లు కనిపించేవి. వీధి దీపాలకు తోకలు మొలిచేవి. పున్నమినాడు ఆకాశంలో చంద్రుళ్లు గుంపుగా వచ్చేవారు. ఏడాదికోసారి కళ్లజోడు మార్చేవాణ్ణి, మార్చిన జోడు పాతదానికంటే కొత్తగా ఉండేది తప్ప వేరే లాభం ఉండేది కాదు. అందుకని వాచకమంతా కంఠస్థం చేశాను. పిల్లలు భయపడేవారు, అధికారులు మెచ్చుకునేవారు, నేను మాత్రం నల్లబల్ల ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకునేవాణ్ణి.

చివరికి మద్రాసులో ఒక డాక్టరుగారు నా కంటిలోకి చాలాసేపు చూసి ‘కెరటోకోనస్’ అన్నారు. పేరు పెద్దది కావడంవల్ల ఇంట్లో నాకు కొంత గౌరవం పెరిగింది. సంగతి మాత్రం చిన్నదే. నల్లగుడ్డు మీద గాజులాంటి పొర ఒకటి ఉంటుంది కదా, అది గుండ్రంగా ఉండాలి. నాలాంటివాళ్లకు అది పలచబడి, నిమ్మకాయ కొసలాగా ముందుకు పొడుచుకొస్తుంది. ఆ వంకరలోంచి వచ్చిన వెలుతురు దారి తప్పుతుంది. ముక్కుమీద పెట్టుకున్న కళ్లజోడు దాన్ని దారిలో పెట్టలేదు. కంటిమీదనే గట్టి లెన్సు పెట్టుకోవాలి, తిరువళ్లూరులో ఆరోగ్యస్వామి అని ఒకాయన ఉన్నారు, ఆయన దగ్గరికి వెళ్లండి అని పంపారు.

ఆరోగ్యస్వామిగారూ, మీరు కింద కూర్చుని తల వంచుకున్నంతమాత్రాన నేను వదలను. గాజులమ్మే ఆవిడ ఆడపిల్ల చెయ్యి పట్టుకుని చూస్తుందే, బిగువైతే చెయ్యి కోసుకుంటుంది, వదులైతే జారిపోతుంది అని ఒకటి తొడిగి, తీసి, ఇంకొకటి తొడిగి, అట్లా ఈయన పెట్టెలోంచి ఒక్కొక్క లెన్సే తీసి నా కంట్లో పెట్టి, ఏదో పచ్చరంగు చుక్క వేసి, నీలం దీపంతో చూసి, పెదవి విరిచి, తీసి, మళ్లీ కడిగి, మరొకటి పెట్టి, పొద్దుగూకేదాకా అదే పని చేశారు. కుడికన్నుకు నప్పినది ఎడమకన్నుకు నప్పలేదు. ఆ కొస మీద లెన్సు మరీ ఆనుకుంటే రాసుకుని పుండవుతుందని, మరీ ఎత్తుగా ఉంటే గాలిబుడగ చేరి చూపు చెడుతుందని చెప్పారు. ఇప్పుడు మెత్తటి లెన్సులు కూడా వచ్చాయి గదా మాస్టారూ అని దండపాణిగారు నన్ను ఒకసారి అడిగారు. మెత్తటిది హాయిగానే ఉంటుంది. కాని అది మన కంటి వంకరనే తానూ తొడుక్కుంటుంది. గట్టిదైతే వంగదు. కింద సందులో కన్నీరు నింపుకుని, పైన నున్నగా నిలబడుతుంది. ఎవరి కంటికి ఏది అన్నది అమర్చి చూసేవారే చెప్పాలి, పక్కింటివాళ్లు చెప్పకూడదు. మా వీధిలో అది కష్టం. (నవ్వులు)

నాకోసం చేయించిన లెన్సులు వచ్చిన రోజున మా ఆవిడ అమృతవల్లి కూడా తిరువళ్లూరు వచ్చింది. తిరుగు రైల్లో ఎదురుగా కూర్చుంది. నేను ఆమెను చూశాను. పెళ్లయిన ఇన్నేళ్లకు ఒక్క అమృతవల్లి, ఒక్క ముఖం. చెవుల పక్కన జుట్టు నెరిసి ఉంది. ఇదెప్పుడు నెరిసింది అని అడిగాను.

“మీరు చూడనప్పుడు” అంది.

అరక్కోణం దాకా నేను ఆ నెరిసిన జుట్టునే చూస్తూ కూర్చున్నాను.

ఇక మా వీధంతా చెప్పుకున్న కథకు వస్తాను. బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్న రోజున, తొందరలో లెన్సు నా వేలిమీంచి జారి మగ్గం గుంట పక్కన పడింది. ఇంటిల్లిపాదీ మోకాళ్లమీద వెతికాం. అమృతవల్లికి దొరికింది. మా నేతగాళ్ల ఇళ్లలో పోగు తెగితే ఏం చేస్తాం? రెండు కొసలూ నాలుకకు తగిలించి, తడి చేసి, మెలిపెట్టి అతుకుతాం. చెయ్యి దానంతట అదే నోటిదాకా పోతుంది, మనిషి ఆలోచించే పని లేదు. అమృతవల్లి కూడా లెన్సును నాలుకమీద తడిపి, కొంగుతో తుడిచి, ఇదిగో అంది. నేను పెట్టుకుని బడికి పరుగెత్తాను. ఇన్‌స్పెక్టరుగారు నా పాఠం బాగుందని రాశారు. మర్నాటికి కన్ను నిప్పుకణిక అయింది. రెప్ప ఎత్తలేను, వెలుతురు చూడలేను. నల్లగుడ్డు మీద పుండు పడిందన్నారు. ఆరోగ్యస్వామిగారు లెన్సులు రెండూ లాక్కుని, డాక్టరు సరే అనేదాకా ఇవ్వనన్నారు. ఆ కన్ను ఉంటుందా పోతుందా అని ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అందరం మగ్గం సంగతులే మాట్లాడుకున్నాం. దేవుడి దయ, డాక్టరుగారి చుక్కల మందు, కన్ను నిలిచింది. చిన్న తెల్లమచ్చ మాత్రం మిగిలింది.

తప్పు ఎవరిదన్నది ఇప్పటికీ మా ఇంట్లో తేలలేదు. నాలుకది అని నేనంటాను, తొందరది అని ఆమె అంటుంది. ఇద్దరిదీ అని ఆరోగ్యస్వామిగారు ఆనాడే చెప్పారు. ఆ మాట నేను ఇంటికి మోసుకుపోలేదు. (నవ్వులు) కాని వీధిలో ఏం చెప్పుకున్నారు? అద్దం సారు కన్ను తినేసింది అని చెప్పుకున్నారు. ఎంగిలి సంగతి ఒక్కరూ చెప్పలేదు. దాచాలని కాదు. నాలుకతో తడపడం మన వీధిలో చెప్పుకోదగిన విషయం కాదు కాబట్టి.

ఆ కథవల్ల ఇవాళ ఒక అమ్మాయికి నష్టం జరుగుతోంది. అందుకే పొట్లాలు ఆలస్యమవుతున్నాయి.

ఇందాక సన్మానపత్రం చదివిన దేవకిని చూశారు కదా, ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి పిల్ల. కాగితం చేతిలో ఉంది గాని కళ్లు కాగితం మీద లేవు. మన పిల్లలకు అరవం వచ్చినట్టు తెలుగు అక్షరాలు రావు, బట్టీ పట్టి ఉంటుంది అని వెనక బెంచీలో ఎవరో అన్నారు. అది నాకు వినిపించింది. బట్టీ పట్టిన మాట నిజం. అక్షరాలు రాక కాదు. మూడేసి కనిపించే అక్షరాల్లో ఏది చదవాలో తెలియక. నాకున్న జబ్బే ఆమెకూ ఉందని మద్రాసు డాక్టరు చెప్పారు. ఇది సభలో చెప్పవచ్చునా అని పొద్దున దేవకినే అడిగాను. “చెప్పండి సార్. మా యమ్మ నా మాట ఇనదు, మైకు మాట ఇంటాది” అంది.

దేవకి తల్లి సరసమ్మ మూడో వరుసలో కూర్చుంది. బిడ్డను ఆరోగ్యస్వామిగారి గుమ్మందాకా తీసుకెళ్లి, లోపలికి పోకుండా వెనక్కి తెచ్చేసింది. ఆనాడు ఎర్రబడిన నా కన్ను చూడటానికి వచ్చినవాళ్లలో సరసమ్మ కూడా ఉంది. చూసింది మరిచిపోలేదు. నేను వెళ్లి అడిగితే, “మీరు పండితులు సారూ, మీ కన్నే అట్లయినాది. నా బిడ్డ కంట్లో అద్దం ముక్క యాడ పెట్టమంటారు?” అంది. చదువు మానిపిస్తే కన్ను అలవదు, అలవకపోతే నిలుస్తుంది అని, సోమవారం నుంచి బడికి పంపనని చెప్పింది. అమ్మా, చదివితే వచ్చే జబ్బు కాదిది, చదవకపోతే పోయేదీ కాదు. బడి మానేసి ఇంట్లో కూర్చున్న దేవకికి కూడా చంద్రుళ్లు గుంపుగానే వస్తారు.

మాటలు చాలు. నేను మాటలమీద బతికినవాణ్ణి, వాటి విలువ నాకు తెలుసు. దండపాణిగారూ, ఆ చెంబు అందుకోండి. అధ్యక్షులవారు నీళ్లు పోస్తారు, నేను చేతులు కడుక్కుంటాను. (నవ్వులు) ముందు సబ్బు. గంజి, నూనె, దూది నలుసు ఏమీ ఉండకూడదు. తర్వాత పోగులు రేగని గుడ్డతో తుడుచుకోవాలి. బల్లమీద తువ్వాలు పరుచుకోవాలి, పడితే వెతుక్కోవడానికి. కన్ను పెద్దగా తెరిచి, రెప్ప చివర చెవివైపు లాగి, ఒక్కసారి ఆర్పితే, ఇదిగో, అరచేతిలో పడింది. రెండోది కూడా. దీన్ని ఈ సీసాలో మందుతోనే తడపాలి, ఆ సీసాలో దానితోనే కడగాలి. కొళాయి నీళ్లు వద్దు, ఉమ్ము అసలే వద్దు. తీశాక ఈ డబ్బాలో, కుడిది కుడి గుంటలో, ఎడమది ఎడమ గుంటలో పెట్టాలి. పెట్టుకుని నిద్రపోకూడదు. కాటుక పెట్టాలంటే లెన్సు పెట్టుకున్న తర్వాతే, అదీ రెప్ప లోపల కాదు. అన్నిటికంటే ముఖ్యం, కళ్లు నులుముకోకూడదు. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, ఇన్‌స్పెక్టరు కాదు కదా కలెక్టరు వచ్చినా, తీసేసి ఆరోగ్యస్వామిగారి దగ్గరికి పోవాలి.

ఇప్పుడు నా కళ్లమీద ఏమీ లేదు. మీరంతా నాకు ముగ్గురేసి కనిపిస్తున్నారు. నాకోసం ఇంతమంది వస్తారని అనుకోలేదు. (నవ్వులు, చప్పట్లు)

సరసమ్మా, ఒక్కసారి ఇట్లా రా తల్లీ. వచ్చి నా చేతిలో ఉన్నదేమిటో చూడు. కన్ను తినేదో కాదో నువ్వే చెప్పు.

(సరసమ్మ వేదిక దగ్గరికి వచ్చారు)

ఆమె మైకు దగ్గర లేదు గనక నేను చెబుతాను. ఇంతేనా సారూ, ముక్కుపుల్ల రాయంత కూడా లేదే అంటోంది. ఇంతే అమ్మా. నొప్పి పుడుతుందా అని అడుగుతోంది. పుడుతుంది. ఇక్కడ ఇంతమంది ముందు అబద్ధం చెప్పను. మొదట కొన్నాళ్లు కంట్లో ఇసుక పడ్డట్టుంటుంది, నీళ్లు కారతాయి. అందుకే తొలిరోజు కాసేపే పెట్టుకోవాలి, రోజూ కొంచెం కొంచెం పెంచుకోవాలి. ఆ తర్వాత అలవాటవుతుంది. జబ్బు పోతుందా? పోదు. ముదిరితే ఆపరేషను కూడా కావచ్చు. కాని బిడ్డకు చూపు వస్తుంది. చదువుకుంటుంది. నీ ముఖం ఒక్కటిగా కనిపిస్తుంది. మంగళవారం బిడ్డను తిరువళ్లూరు తీసుకెళ్లు, మురుగన్ రోజు, మంచిది. ఆరోగ్యస్వామిగారు ఆ రోజు వేరే పని పెట్టుకోలేదు, నేను అడిగే వచ్చాను.

ఏమన్నావమ్మా? ఇంకొకసారి, ఇక్కడ, మైకులో చెప్పు.

సరసమ్మ: “ముందు నా కంట్లో పెట్టి చూడమనండి సారూ. నాకు ఎంత నొప్పి పుడతాదో చూసుకోని, ఆమీట బిడ్డకు పెట్టనిస్తా.”

(దేవరాజులు మళ్లీ మైకు అందుకున్నారు)

ఆరోగ్యస్వామిగారూ, విన్నారు కదా. తల ఊపుతున్నారనుకుంటాను, ముగ్గురూ ఊపుతున్నట్టే ఉంది. మంగళవారం మీ దగ్గరికి ఇద్దరు వస్తారు. జబ్బు లేని కంటికి లెన్సు ఎందుకని మీరు అడగవద్దు. అన్నం వేడిగా ఉందేమోనని ముందు తన నాలుకమీద వేసుకుని చూసే చెయ్యి అది. దేవకీ, సోమవారం బడికి రా. నేను ఉండను గాని, బడి ఉంటుంది.

నన్ను భరించిన ప్రధానోపాధ్యాయులకు, నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపిన తోటి ఉపాధ్యాయులకు, నేను చూడని ఏళ్లలో ఇల్లు నడిపిన అమృతవల్లికి, వంకర కళ్లను విసుగు లేకుండా చూసిన ఆరోగ్యస్వామిగారికి, సరసమ్మకు నా కృతజ్ఞతలు. నా కళ్లవెంట నీళ్లు కారుతున్నాయని ముందు వరుసలోవాళ్లు గుసగుసలాడుతున్నారు. లెన్సులు డబ్బాలో ఉన్నాయి గనక, ఆ నెపం వాటిమీద వేయడానికి కూడా లేదు. సెలవు.