ముందే గీసిన ఎర్రగీతలు

అలా బెల్లం కొట్టిన రాయిలా పడుకోకు, ఇటు తిరుగు! కాలు తిరగదా? మొహం తిరుగుతుందిగా, దానికేం కట్టు కట్టలేదుగా.

నర్సమ్మ ఇప్పుడే చెప్పి వెళ్ళింది, గట్టిగా మాట్లాడొద్దని. పక్క మంచం ఆయన నిద్రపోతున్నాడట. లేవనీ! నా తమ్ముడు చేసిన ఘనకార్యం ఆయన కూడా వింటాడు.

ఎవరైనా నట్టు బిగించి గీత గీస్తారా, గీత గీసి నట్టు బిగిస్తారా? చెప్పు! అంత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందిరా నీకు?

నాన్న మనిద్దరికీ నేర్పిన పని ఇదే కదా. తెర వేలాడదీసే ఇనప దూలం, అదే ట్రస్సు, దాని ముక్కలు కలిసేచోట బోల్టు వెయ్యి, పానాతో బిగించు, బిగించిన చేత్తోనే నట్టు మీంచి పక్కనున్న పలక మీదకి ఎర్రరంగుతో గీత లాగు. తర్వాత నట్టు ఏ కాస్త తిరిగినా గీత విరిగి కనబడుతుంది. కింద పనిచేసే మనిషికి ఆ గీతే ధైర్యం. నేను చూశాను. నువ్వు గీసినవన్నీ తిన్నగా ఉన్నాయి. ఫర్వాలేదు, వీడికి చెయ్యి కుదిరింది అని మురిసిపోయాను కూడా.

ఎందుకు కుదరదూ! గోడౌన్లో నీడపట్టున కూర్చుని, నట్లు వేళ్ళతో తిప్పి వదిలేసి, ముగ్గులేసినంత తీరిగ్గా గీసుకొచ్చావు. మీటింగు హాల్లో రంగు ఆరేదాకా ఎవరాగుతారు, బిగించడం అక్కడికెళ్ళాక చూసుకుందాంలే అనుకున్నావు. తీరా వెళ్ళాక అన్నిటికీ గీతలున్నాయి. ఏది బిగించావో, ఏది బిగించలేదో నీకే తెలీకుండా పోయింది. అంతేనా? ఆ, ఊపు, తల ఊపు.

పోనీ, అప్పుడైనా నోరు తెరిచి చెప్పొచ్చుగా? అక్కా, పొరపాటైంది, అన్నీ ఇంకోసారి బిగిస్తాను అని. తిట్టేదాన్నే. తిడితే కాలు విరుగుతుందా?

అదేమన్నా ఇంట్లో తగిలించుకునే టీవీనా? గోడంత తెర! ఒక వరస తెర ముక్కల డబ్బాలు తగిలించడం, ట్రస్సుని మోటారుతో కాస్త పైకి లేపడం, కింద ఇంకో వరస తగిలించడం. దాని కింద నిలబడి వైర్లు కలిపేది ఎవరు? నేను! మోటారు రిమోటు మీ బావ చేతిలో ఉంది. "ఎత్తండి" అని నేనే అన్నాను, నీ గీతల్ని నమ్మి.

కిర్రుమంది. తలెత్తి చూద్దును కదా, పైన ట్రస్సు నడుమ అతుకు దగ్గర కుంగుతోంది. పరిగెత్తాలని తెలుసు. కాళ్ళు కదిలితేగా! వైర్లు చేత్తో పట్టుకుని పిచ్చిదానిలా పైకి చూస్తూ ఉండిపోయాను.

ఆ తర్వాత సంగతి నీకు తెలుసు. నన్ను తోశావు. నేను పడ్డాను. నా మీద పడాల్సిన డబ్బా నీ కాలి మీద పడింది.

హాలు మేనేజరు ఏమన్నాడో తెలుసా? నీ కాలు ఇంకా దాని కిందే ఉంది. వచ్చి, "మీటింగు టైముకి తెర వెలుగుతుందా అమ్మా?" అన్నాడు. నవ్వకు! నాకు ఒళ్ళు మండిపోతుంటే నవ్వుతావేంటి?

మీ బావ సంగతా? బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపలికి రానంటున్నాడు. వాడి మొహం చూడను, వాణ్ణి ఇక పనిలోకి రానివ్వను అని కనబడిన ప్రతివాడికీ చెబుతున్నాడు. అందులో తప్పేముంది? నేనైనా అదే అంటాను. మనుషుల ప్రాణాలతో ఆటలాడేవాడికి పానా ఎందుకు?

నువ్వు మాట్లాడకు. నీ తరఫున వకాల్తా పుచ్చుకుంటానని కూడా అనుకోకు. కాలు బాగయ్యాక పన్లోకి వస్తావు, మొదట్నుంచీ నేర్చుకుంటావు, నేను పక్కన నిలబడి ఒక్కో నట్టూ బిగింపిస్తాను. ఆయన ఒప్పుకోకపోతేనా? ఒప్పుకుంటాడు. నాకు అడ్డు చెప్పే మొహం లేదు ఆయనకి.

ఏంటలా చూస్తావు? నువ్వు చూడలేదా? నువ్వెలా చూస్తావులే, నా వైపు పరిగెత్తుకొస్తున్నావు కదా.

నేను చూశానురా. కిర్రుమనగానే ఆయన కూడా తలెత్తాడు. నన్ను చూశాడు. చూసి, రిమోటు కింద పడేసి, అటు తిరిగి పరిగెత్తాడు. నా పేరు పెట్టి పిలవను కూడా లేదు. నేను కింద పడేసరికి నాకు కనబడింది ఆయన వీపు.

అడిగానురా. అంబులెన్సు వెనకాల ఆటోలో వస్తూ అడిగాను, అప్పుడు మీరెక్కడున్నారు అని. మీరందరూ బయటికి రావాలి కదా, తలుపు తియ్యడానికి వెళ్ళాను అన్నాడు.

తలుపు తీసే ఉందిరా. డబ్బాలు మోసుకురావడానికని పొద్దున్నే రెండు రెక్కలూ బార్లా తెరిచిపెట్టింది నేనే.

ఊఁ అన్నాను. ఒక్క మాట మొదలుపెడితే ఎక్కడ ఆగుతానో నాకే తెలీదు. రేపు మళ్ళీ ఆ మనిషికే వండి పెట్టాలి, ఆ మనిషి పక్కనే పడుకోవాలి. నిన్నంటే తిట్టగలను. నువ్వు నా తమ్ముడివి, తిట్టినా పడతావు. అందుకే ఇందాకట్నుంచీ నీ మీద పడ్డాను.

నిద్రొస్తోందా? పడుకో.

వద్దు, పడుకోకు. ఇంకాసేపు మెలకువగా ఉండరా, నాకు ఇంటికెళ్ళాలని లేదు.