హార్న్ మూత వెనక

సభ హాలు పక్క గదిలో కాలిన వాసన ఇంకా పోలేదు. విప్పిన హార్న్‌ల మధ్య కూర్చున్న బావమరిది, గుమ్మంలో బావ కనబడగానే లేచి నిలబడ్డాడు. కలిసి నడిపిన మైకుసెట్టు వ్యాపారాన్ని చెరిసగం పంచుకుని ఇంకా నెల తిరగలేదు.

"వెనక మూతలో ఉండాల్సిన ట్రాన్స్‌ఫార్మర్లేవి బావా? యాంప్లిఫయర్ నుంచి వచ్చే వోల్టేజీని తగ్గించేవి అవే కదా, అవి లేకుండా కలిపితే కాయిళ్లు కాలిపోవూ?"

"నీకు నేర్పిందే నేను. కలిపే ముందు విప్పి చూసుకోవద్దూ?"

"మూత బిగించే ఉంది. ఇచ్చింది సొంత బావే కదా అని చూడలేదు. హాల్లో సభ ఆగిపోయింది, నా పరువు మంటగలిసింది. అంత కడుపుమంట ఉంటే ఎదురుగా తిట్టొచ్చుగా!"

"నోరు అదుపులో పెట్టుకో. తీసింది నేను కాదు, మీ అక్క."

"అక్క మీదకి తోసెయ్యకు."

"ఇంట్లో కూర్చుని, తీగ చుట్టి చుట్టి వాటిని తయారుచేసిందెవరు? ఎవరి వేళ్లు కోసుకుపోయాయి? పంపకాల నాడు నీకింత, నాకింత అని కొట్టుకు చచ్చాం. నీకేం కావాలక్కా అని ఒక్కమాట అడిగావా?"

"నువ్వడిగావా?"

బావ గోడకేసి చూశాడు.

"అడగలేదు. అందుకే నా హార్న్‌ల్లోవి కూడా తీసేసుకుంది. నిన్ననే కాలాయి."

"నిన్ననే తెలిసి కూడా నాకు చెప్పలేదా?"

"ఎందుకు చెప్పాలి? నావొక్కటే కాలాలా?"