అందుకునే చెయ్యి

గాజు బట్టీలో మిట్టమధ్యాహ్నం. గాజు కరిగించే మట్టి మూస ఎర్రగా మండుతోంది. దాని ముందు మనవరాలు, ఆమె వెనక పీట మీద తాత. ఊదుగొట్టం నేల మీద పడిన చప్పుడు ఇంకా గోడల మధ్య తిరుగుతూనే ఉంది.

“మళ్ళీ జారిందా?”

“జారలేదు తాతా. ఇచ్చాను.”

“ఇచ్చావా? ఎవరికే? నేనిక్కడ పీటకి అతుక్కుపోయి ఉన్నాను. మేస్త్రి బయట బొగ్గు దగ్గరున్నాడు. పిల్లికిచ్చావా?”

“నవ్వకు.”

“నవ్వట్లేదే. పళ్ళూడిన నోరు ఎప్పుడూ అట్లాగే కనిపిస్తుంది. ఎవరికిచ్చావో చెప్పు.”

“నాన్నకి.”

“పోయినవాడికి ఎట్లా ఇస్తావే?”

“వెనకనుంచి అన్నాడు. ‘ఆగు. నీకు ఊపిరి చాలదు. ఇలా ఇయ్యి.’ బతికున్నప్పుడు ఎట్లా అనేవాడో అచ్చం అట్లాగే. నా చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. అందుకునే చెయ్యి లేదు. పడిపోయింది.”

“వాడు పోయినప్పట్నుంచీ ఇంతేనా?”

“గొట్టం నోటికి ఆనించిన ప్రతిసారీ. బుడగ ఉబ్బి పలచబడే వేళకి తప్పకుండా.”

“మరి నాకు చెప్పవేం? నీ చేతులకి చెమట పడుతోందనుకుని, సుద్దపొడి రాసుకోమని సలహాలిచ్చాను, వెర్రిబాగులవాణ్ణి.”

“అమ్మాయిగారూ! పెద్దాయనా! ఉన్న బొగ్గు అయిపోవచ్చింది. కొత్త బొగ్గు బండి వాకిట్లో నిలబడుంది. దింపించమంటారా, తిప్పి పంపమంటారా?”

“ఉండవయ్యా మేస్త్రీ.”

“నేనుంటాను, మంట ఉండదుగా! ఆరిందంటే మూస పగుల్తుంది. పగిలిందంటే ఇంక బట్టీ లేదు.”

“నాకు చెప్పొచ్చావు! నువ్వు పుట్టకముందు నుంచీ ఈ మంటకే వీపు కాచుకుంటున్నాను. బండివాడికి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టు, పో.”

“తిప్పి పంపెయ్యమను తాతా.”

“పంపేస్తే? నాకు దమ్ము లేదు. మేస్త్రికి మంట వెయ్యడం తప్ప ఇంకోటి రాదు. ఊదేదానివి నువ్వొక్కదానివే.”

“సీసాల ఫ్యాక్టరీవాళ్ళు రమ్మన్నారు. అక్కడ మిషనే ఊదుతుంది. నేను నిలబడి పగిలినవి ఏరెయ్యడమే. వెనకనుంచి ఎవరూ మాట్లాడరు.”

“మాట్లాడినా ఆ రొదలో వినపడదులే. మా తాత ఊదిన చెంబు సంగతి చెప్పానా నీకు?”

“చెప్పావు. కంటికి కనపడనంత పలచన.”

“ఆఁ! నీళ్ళు పోస్తే నీళ్ళే గాల్లో నిలబడ్డట్టుండేది. ఖాళీ చెంబు ఎక్కడ పెట్టాడో కనపడక ఓ రాత్రి ఇల్లంతా తడుముకుని, పాపం, దాహంతోనే పడుకున్నాడు. తెల్లారి చూస్తే తలకిందే ఉంది.”

“పోయినసారి మీ నానమ్మ దాని మీద కూర్చుందన్నావు.”

“కూర్చుంది కూడా. అది వేరే రోజు. హమ్మయ్య, నవ్వావు. ఇప్పుడు ఇలా వచ్చి నా పక్కన కూర్చో. కళ్ళు మూసుకో.”

“ధ్యానమా? అవన్నీ నాకు రావు.”

“అంత పెద్ద పేర్లెందుకే? ఊపిరి వస్తుంది, పోతుంది. దాన్ని చూస్తూ కూర్చో. లాగకు, తొయ్యకు.”

“ఎంతసేపు?”

“వాడు మాట్లాడేదాకా.”

“… తాతా.”

“ఊఁ.”

“వచ్చాడు.”

“కళ్ళు తెరవకు. లేచి పోకు. ఎక్కడున్నాడు?”

“వెనక.”

“మన వెనక గోడే ఉంది. వీపుకి ఆనుకునుంది. సరిగ్గా చూడు.”

“… వెనక కాదు. ఇక్కడ. గొంతు కింద.”

“మాట్లాడాలంటే ఊపిరి కావాలి గదే. వాడి ఊపిరి నా చేతుల్లోనే అయిపోయింది. మరి ఎవరిది వాడుకుంటున్నాడు?”

“నాది. తాతా, నాదే! ఆ మాట వచ్చినప్పుడల్లా నా ఊపిరి ఆగిపోతోంది. నా ఊపిరి పట్టుకుని నాకే ఊపిరి చాలదంటున్నాడు.”

“వాడేనా అంటున్నది?”

“… కాదు. నేనే. నా లోపలే.”

“మరి వింటున్నదెవరు?”

“అదీ నేనే… కాదు, ఉండు. అది ఏమీ అనట్లేదు తాతా. ఊరికే చూస్తోంది. దానికి… దానికి భయం లేదు.”

“అక్కడ కూర్చో కాసేపు. అక్కడికి నేను రాలేను. నువ్వే కూర్చోవాలి.”

“నీకెట్లా తెలుసు ఇదంతా?”

“మంట ముందు కూర్చుని కూర్చుని ముసలాణ్ణయ్యాను. మంటని ఎంతకని చూస్తాను? చూస్తున్నవాణ్ణి కూడా అప్పుడప్పుడూ చూశాను. లే, గొట్టం అందుకో.”

“మళ్ళీ వస్తే?”

“వస్తుంది. రానీ. వింటూనే ఊదు. చేతులు మాత్రం ముందుండనీ.”

“గాజు తీశాను… తిప్పుతున్నాను… గుండ్రంగా వచ్చింది.”

“చూస్తున్నా.”

“పలచబడుతోంది. తాతా, అంటున్నాడు. ఇలా ఇయ్యి అంటున్నాడు.”

“అననీ. నువ్వు మాట్లాడకు, ఊదు. ఊదు… తిప్పు, తిప్పు… అదిగో, చెయ్యి వెనక్కి వస్తోంది, చూసుకో… ఆఁ, అట్లా. ఇంకొంచెం… ఇంకొంచెం… అమ్మ దొంగా! నీ వేళ్ళు బుడగ అవతల్నుంచి కనిపిస్తున్నాయే! ఇంత పలచన వాడు కూడా ఊదలేదు!”

“అమ్మాయిగారూ, బండివాడు నా ప్రాణం తీస్తున్నాడు. ఇంక వెళ్ళిపోతాట్ట.”

“దింపించు మేస్త్రీ. బండి మొత్తం దింపించు. మంట ఆరకూడదు, నేనింకా ఊదాలి.”

“అట్లా చెప్పారు, బాగుంది! ఒరేయ్, బండి ఇటు తిప్పరా, దింపాలి!”

“చూడవే, మోకాళ్ళ నొప్పులని మూలిగే మనిషి ఎట్లా పరిగెత్తుతున్నాడో! ఇంతకీ మీ నాన్న ఇంకా అంటున్నాడా?”

“లేదు. ఊపిరంతా గాజులోకి పోయింది. ఆయన మాట్లాడ్డానికి నా దగ్గరేం మిగల్లేదు.”

“మరి ఆ ఏడుపెందుకే, పిచ్చిదానా? ఇన్నాళ్ళూ నిన్ను పీక్కుతిన్న భయం పోయిందిగా!”

“నా భయం ఆ మాటంటే కాదు తాతా. అది ఆగిపోతే, నాన్న గొంతు ఇంకెక్కడా వినపడదని.”